నర్సుల సంఘం రెండు రోజుల ట్రైనింగ్: మొదటి పూట కునుకు తీయొచ్చు, రెండో రోజు మాత్రం వదలొద్దు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. ఆ తగ్గించిన ఒకటిన్నర ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా. ఓపిక లేనివాళ్లు రెండో రోజు సంగతి చదివేసి వెళ్లిపోండి, ఏమనుకోను.

నేను సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. జనరల్ మెడిసిన్ వార్డు, పన్నెండేళ్ల సర్వీసు. ఆరోగ్య విధానం గురించి, ప్రజాప్రతినిధులతో ఎలా మాట్లాడాలి అన్నదాని గురించి ఒక నర్సుల సంఘం రెండు రోజుల ట్రైనింగ్ పెడుతోందని మా గ్రూపులో మెసేజ్ వచ్చింది. సంఘం పేరు రాయను. కింద కొంచెం గట్టిగానే తిట్టాను, రేపు ఏదైనా సమస్య వస్తే మళ్లీ పరిగెత్తాల్సింది వాళ్ల దగ్గరికే. ఫీజు పెద్దగా లేదు, అసలు ఖర్చంతా డ్యూటీలదే. సెలవు దొరక్క ఇద్దరితో డ్యూటీ మార్చుకుని, బదులుగా రెండు నైట్లు చేస్తానని మాటిచ్చి, మొదటి రోజు పొద్దున నైట్ డ్యూటీ దిగి ముఖం కడుక్కుని నేరుగా హాలుకి వెళ్లాను. నాతోపాటు నైట్ చేసిన మా జూనియర్ అమ్మాయి కూడా వచ్చింది. హాలు గుమ్మం దగ్గరే అడిగింది, ‘అక్కా, నిద్రపోతే లేపుతావా’ అని. నేను పోతే ఎవరు లేపాలి?

పదింటికి మొదలవ్వాల్సింది పదకొండింటికి మొదలైంది. వేదిక మీద ఏడు కుర్చీలు, ఏడుగురూ మాట్లాడారు. అందులో ప్రస్తుతం వార్డులో పనిచేస్తున్న మనిషి ఒక్కరూ లేరు. ‘మీరు తెల్లబట్టల్లోని దేవతలు’ అని ఒకాయన, ‘ఓర్పుకి మారుపేరు’ అని ఇంకొకాయన. ఆ దేవత మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే దేవతకి ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదు, పన్నెండు గంటల డ్యూటీలో బాత్రూమ్‌కి వెళ్లొచ్చే టైము కూడా అక్కర్లేదు. ఈ సెషన్‌కి సున్నా. మా అమ్మాయి నిజంగానే నిద్రపోయింది, నేను లేపలేదు.

మధ్యాహ్నం నుంచి క్లాసు తీసుకున్నావిడ రిటైరైన నర్సింగ్ సూపరింటెండెంట్. ఈ రివ్యూలో ఆ మూడున్నర మార్కులూ దాదాపు ఆవిడవే. మొదటి స్లైడ్ ఫ్లోరెన్స్ నైటింగేల్, దీపం పట్టుకుని ఉన్న బొమ్మ. అయిపోయింది, మళ్లీ అదే భజన అనుకున్నా. రెండో స్లైడ్ వేసింది. 1858లో నైటింగేల్ అచ్చు వేయించిన గుండ్రటి పటం, క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలతో చచ్చిపోయినదానికంటే ఆపగలిగే రోగాలతో చచ్చిపోయిందే ఎక్కువని నెలనెలా రంగుల ముక్కల్లో చూపించిన లెక్క. ‘దీపం బొమ్మ మనం గోడకి తగిలించుకోవడానికమ్మా. ఆవిడ ప్రభుత్వం ముందు పెట్టింది ఇదీ’ అంది. అక్కడ నాకు నిద్ర వదిలింది.

తర్వాత రెండు గంటలు ఒక నర్సుకి ఎంతమంది రోగులు అన్న విషయం మీదే నడిచింది. దీని గురించి మనం గొంతు చించుకుంటాం కానీ చేతిలో ఏముందో చాలామందికి తెలీదు, నాకూ తెలీదు. అమెరికాలో లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ఉంది. పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన రోగుల్ని చూశారు. నర్సు చేతికింద ఒక్క రోగి పెరిగిన కొద్దీ, 30 రోజుల్లోపు చనిపోయే ప్రమాదం 7 శాతం చొప్పున పెరిగింది. 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, తొమ్మిది యూరప్ దేశాల్లో నాలుగు లక్షల పైచిలుకు రోగుల రికార్డులతో చూసినా మళ్లీ అదే 7 శాతం వచ్చింది. వెనక వరుసలో ఒకావిడ లేచి ‘అంటే నూటికి ఏడుగురు చనిపోతున్నారన్నమాట’ అంది. ట్రైనర్ అక్కడ ఆపేసింది. ఉన్న ప్రమాదం మీద 7 శాతం అదనం, అంతేగానీ నూటికి ఏడుగురని కాదు, ఈ తప్పు మీరు ఎవరి ముందైనా చెప్పారంటే అవతలివాడు ఒక్క ప్రశ్నతో కూర్చోబెట్టేస్తాడు, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా వినడు అని ఐదు నిమిషాలు బోర్డు మీద లెక్క వేసి చూపించింది. ఇలాంటి చోటే ఈ ట్రైనింగ్ మామూలు మీటింగుల కంటే పై మెట్టు మీద ఉంది.

ఆ తర్వాత ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం. అక్కడ నర్సుల సంఘం 2000లో నిష్పత్తులు సాధించుకుంది. పెద్ద ఆసుపత్రుల మామూలు వార్డుల్లో పగలు నలుగురు రోగులకి ఒకరు, రాత్రి ఎనిమిది మందికి ఒకరు. అది ఒప్పందంలోంచి చట్టంలోకి ఎక్కింది మాత్రం 2015లో, అంటే పదిహేనేళ్లు, మధ్యలో ప్రతి ఒప్పందం గడువు తీరినప్పుడల్లా మళ్లీ కాపలా కాసుకోవడమే. రాత్రి ఎనిమిది మందికి ఒకరు అని తెర మీద పడగానే మా అమ్మాయి నా వైపు చూసింది. అంతకుముందు రాత్రి మేమిద్దరం చూసింది 41 మందిని.

కాలిఫోర్నియా కథ ఇంకా బాగా చెప్పింది. 1999లో చట్టం, అమలు 2004 జనవరిలో, ఐసీయూలో ఇద్దరికి ఒకరు, మెడికల్ సర్జికల్ వార్డులో మొదట ఆరుగురికి ఒకరు, ఆ తర్వాత ఐదుగురికి ఒకరు. ఆ ‘తర్వాత’ దగ్గరే అప్పటి గవర్నర్ ష్వార్జ్‌నెగ్గర్ బ్రేకు వేయబోయాడు. నర్సులు కోర్టుకి వెళ్లారు, వీధుల్లోనూ వెంటపడ్డారు. 2005లో కోర్టు నర్సుల వైపే తీర్పిచ్చింది, ఆ ఏడాది చివరికి ఆయన వెనక్కి తగ్గాడు. చట్టం పాసైన రోజు స్వీట్లు పంచుకుని ఇంటికెళ్లిపోయి ఉంటే ఆరు ఆరుగానే ఉండిపోయేది.

ఇక్కడి నుంచి నా పేచీ. ఈ రెండు రోజుల్లో గెలిచిన కథలే చెప్పారు. ఇంటికొచ్చాక నిద్ర పట్టక వెతుక్కుంటుంటే అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రం కథ కనిపించింది. 2018 నవంబరులో అక్కడ ఇదే నిష్పత్తుల విషయం నేరుగా ప్రజల ఓటుకి పెట్టారు, సుమారు 70 శాతం మంది వద్దన్నారు. అందరికీ నర్సులంటే గౌరవమే, అయినా ఓడిపోయింది. ఆసుపత్రుల యాజమాన్యాలు ఖర్చు పెరుగుతుంది, చిన్న ఆసుపత్రులు మూతపడతాయి అని ప్రచారం చేశాయి. నర్సుల్లోనే కొందరు వద్దన్నారు, అందుకని ఓటరుకి ఎవరిని నమ్మాలో తెలీలేదు. ఈ కథ కదా మాకు కావాల్సింది! గెలిచిన వాళ్ల ఫొటోలు చూస్తే ఉత్సాహం వస్తుంది సరే, రేపు మా మీదకి వచ్చే ప్రశ్నలన్నీ ఈ ఓడిపోయిన చోటే ఉన్నాయి. అర మార్కు కట్.

ఇంగ్లండ్ సంగతి చెప్పారు కానీ సగంలో వదిలేశారు. 1916లో పుట్టిన అక్కడి నర్సుల సంఘం రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ 2022 డిసెంబరులో అంత పెద్ద సమ్మెకి దిగింది, ఫొటోలు అదిరిపోయాయి, అంతవరకే చూపించారు. మిగతాది నేను తర్వాత చదివాను. 2023 జూన్‌లో సమ్మె పొడిగించాలా అని మళ్లీ ఓటింగ్ పెడితే వేసినవాళ్లలో 84 శాతం సమ్మెకే వేశారు. కానీ అసలు ఓటు వేసిందే 43 శాతం, అక్కడి చట్టం ప్రకారం 50 దాటాలి. అక్కడితో ఆగిపోయింది. వ్యతిరేకంగా వేసినవాళ్ల వల్ల కాదు, పోస్టులో వచ్చిన ఓటు కవరు టేబుల్ మీద పెట్టి మర్చిపోయినవాళ్ల వల్ల. ఇది చదివి మా వార్డు గ్రూపు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ‘ఎవరెవరు వస్తారు’ అని అడిగితే ముప్పై నీలం టిక్కులు, రెండు దండాల బొమ్మలు.

సరే, రెండో రోజు. మధ్యాహ్నం సెషన్‌కి పూర్తి మార్కులు.

ఒక టేబుల్, ఇటు రెండు కుర్చీలు, అటు ఒకటి. అటువైపు ట్రైనర్ ప్రజాప్రతినిధి వేషం. కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని, ఫోన్ చూసుకుంటూ, తల ఎత్తకుండా ‘నాలుగు నిమిషాలుంది, చెప్పండి’ అంది. మా అమ్మాయిని కూర్చోబెట్టారు.

‘సార్, మేం చాలా కష్టపడుతున్నాం సార్, స్టాఫ్ సరిపోవట్లేదు, పేషెంట్లకి న్యాయం చేయలేకపోతున్నాం సార్...’

‘టీచర్లూ అదే అంటారమ్మా, పోలీసులూ అదే అంటారు. నన్నేం చేయమంటావు?’ ఫోన్ మీంచి చూపు తీయలేదు.

మా పిల్ల బిక్కమొహం వేసింది. రెండోసారి కూర్చోమన్నారు. ఈసారి అది ఏం ఆలోచించుకుందో కానీ, ‘మొన్న రాత్రి పదింటికి పద్దెనిమిది మందికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి సార్. ఆఖరి మనిషికి ఇచ్చేసరికి పన్నెండున్నర. మధ్యలో ఒకాయనకి ఆయాసం ఎక్కువైంది, నేను ఆయన మంచం దగ్గరే నలభై నిమిషాలు ఉండిపోయాను. ఆ నలభై నిమిషాలు మిగతా నలభై మందికీ అక్క ఒక్కతే సార్’ అంది. ట్రైనర్ ఫోన్ బోర్లా పెట్టింది. ‘ఇప్పుడు అడుగు, నీకేం కావాలో.’ అడగడం మాత్రం రాలేదు దానికి. నాకూ రాలేదు. అసలు పన్నెండేళ్లలో నన్ను అలా ఎవరూ అడగలేదు.

అప్పుడు నోటు పుస్తకం సంగతి చెప్పింది. షిఫ్టుకి ఒక్క గీత: తేదీ, రోగులెందరు, వార్డులో నిజంగా డ్యూటీలో ఉన్న నర్సులెందరు, ఏది ఆలస్యమైంది, ఏది అసలు చేయలేకపోయాం. ఆ చివరి గడి దగ్గర నాకు గట్టిగా తగిలింది. కేస్ షీట్లో మనం చేసింది రాస్తాం. చేయలేనిది ఎక్కడా రాయం. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాల్సిన మనిషిని తెల్లవార్లూ రెండుసార్లే తిప్పామనుకోండి, అది ఎక్కడుంటుంది? డిశ్చార్జ్ అయ్యే ముసలావిడకి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కూర్చుని చెప్పే టైము లేక చీటీ చేతిలో పెట్టి పంపేస్తాం, అదెక్కడుంటుంది? ఏ రిజిస్టరులోనూ ఉండదు. పరిశోధకులు దీన్నే మిస్డ్ కేర్ అంటారట. రికార్డు చూసేవాడికి మా వార్డు అద్భుతంగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అలా కనిపించేలా రాసింది మేమే.

అయితే దీనికి ఇంకో వైపు ఉంది, అది మాత్రం సంఘం వాళ్లు చెప్పలేదు, అడిగితే దాటేశారు. ఇంజెక్షన్ రెండున్నర గంటలు ఆలస్యంగా ఇచ్చానని నా చేత్తో నేనే రాసి పెట్టుకుంటే, రేపు ఏదైనా అయితే ఆ కాగితం ఎవరి మెడకి చుట్టుకుంటుంది? ప్రభుత్వోద్యోగికి సర్వీస్ రూల్స్ ఉంటాయి, ఎవరితో మాట్లాడొచ్చు, పేపరువాళ్లకి ఏం చెప్పకూడదు, ఏ రాజకీయ సభకి వెళ్లకూడదు అని. రాజకీయ నాయకుణ్ని కలవమని రెండు రోజులు నేర్పిన ట్రైనింగ్‌లో ఈ రూల్స్ గురించి ఒక్క స్లైడ్ లేదు. ఒకతను లేచి అడిగితే వేదిక మీది పెద్దమనిషి ‘ధైర్యంగా ఉండండి, మేమున్నాం’ అన్నాడు. మీరుంటారు సార్, మెమో వచ్చేది మాకు. టీ బ్రేకులో ట్రైనర్‌ని పట్టుకుని అడిగితే ఆవిడే నాలుగు ముక్కలు చెప్పింది: రోగి పేరు, మంచం నంబరు రాయకు, షిఫ్టు మొత్తం లెక్క మాత్రమే రాయి, ఒక కాపీ హెడ్ నర్సుకి ఇచ్చి సంతకం తీసుకో, వెళ్లేటప్పుడు సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్లు, డ్యూటీ లేని రోజు వెళ్లు, యూనిఫామ్‌లో వెళ్లకు. ఇది బ్రేకులో చెప్పే విషయమా? ఇంకో అర మార్కు ఇక్కడ పోయింది.

వలసల మీద చివర్లో పదిహేను నిమిషాలు పరిగెత్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద నర్సులు 2.98 కోట్లు, ఇంకా 58 లక్షల మంది తక్కువ. ఉన్నవాళ్లలో 78 శాతం మంది, జనాభాలో 49 శాతమే ఉన్న దేశాల్లో ఉన్నారు. ప్రతి ఏడుగురు నర్సుల్లో ఒకరు పరాయి దేశంలో పుట్టినవాళ్లు. కొరత ఉన్న దేశాల నుంచి మనుషుల్ని లాక్కోవద్దని 2010లో ఒక నియమావళి పెట్టారు కానీ అది స్వచ్ఛందం, పాటించకపోతే అడిగేవాడు లేడు. హాల్లో సగం మంది బయటి దేశం పరీక్షకి చదువుతున్నవాళ్లే, ‘ఇక్కడే ఉండి పోరాడాలా, వెళ్లిపోవాలా’ అన్నది అందరి మొహాల్లోనూ ఉంది, ఒక్కరూ నోరు విప్పలేదు. దీనికి ఒక పూట ఇచ్చి ఆ ఏడు ఉపన్యాసాలు పీకేయొచ్చు.

ఇక ఇంటికి తెచ్చుకున్న సరుకు పనిచేసిందా లేదా అన్నది చెప్పాలి కదా. మూడు వారాలు పుస్తకం రాశాం. హెడ్ నర్సు మొదట భయపడింది, తర్వాత తనే ఒక గడి కలిపింది. సంఘం తరఫున మా ప్రాంత ప్రజాప్రతినిధి అపాయింట్‌మెంట్ దొరికింది. నలుగురం వెళ్లాం. ఆయన ఫోన్ చూడలేదు, నిజం చెప్పాలంటే మర్యాదగానే విన్నాడు. ఖర్చు సంగతి అడుగుతాడని తెలుసు, అడిగాడు. దానికి ఆస్ట్రేలియాలోని ఇంకో రాష్ట్రం, క్వీన్స్‌లాండ్ లెక్క సిద్ధంగా ఉంది. అక్కడ 2016 నుంచి నిష్పత్తులు అమలు చేశాక, రోగులు తొందరగా ఇంటికెళ్లడం, మళ్లీ చేరేవాళ్లు తగ్గడం వల్ల మిగిలిన డబ్బు, అదనపు నర్సులకి పెట్టిన ఖర్చుకి రెట్టింపు కంటే ఎక్కువని 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇది బాగా పనిచేసింది, పీఏ చేత రాయించుకున్నాడు.

వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు. ‘మీకు పోస్టులు మంజూరు కాలేదా, మంజూరై నిండలేదా, నిండినా మనుషులు రావట్లేదా? మూడింటికీ నేను కొట్టాల్సిన తలుపు వేరు.’

నలుగురం మొహమొహాలు చూసుకున్నాం. రెండు రోజుల ట్రైనింగ్‌లో ఎవరూ మాకు ఈ మూడూ వేరని చెప్పలేదు. నిష్పత్తి, నిష్పత్తి అని వల్లె వేయించారు కానీ ఆ నిష్పత్తి ఎక్కడ కారిపోతుందో చూడటం నేర్పలేదు. మిగతా అర మార్కు ఇదిగో, ఇక్కడ పోయింది.

తిరిగొచ్చి ఆ రాత్రే రోస్టర్ ముందేసుకుని కూర్చున్నా. కాగితం మీద మా వార్డుకి పద్నాలుగు మంది. మూడు పోస్టులు ఖాళీ. ఇద్దరు ప్రసూతి సెలవులో ఉన్నారు. ఒకరిని ఆఫీసు పనికి వేసి ఏడాది దాటింది. ఒకరు ఇంకో యూనిట్‌లో ‘తాత్కాలికంగా’ ఉన్నారు, ఆ తాత్కాలికం ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. మిగిలింది ఏడుగురం. మూడు షిఫ్టులు, వారం సెలవులు, నైట్ ఆఫ్‌లు తీసేస్తే షిఫ్టుకి ఇద్దరు, ఒక్కోసారి ఒక్కరే. ఇంతకాలం ‘స్టాఫ్ తక్కువ’ అని ఒక్క మాటలో అనేశాం, నిజానికి అందులో మూడు నాలుగు రకాల తక్కువలున్నాయి. ఆఫీసు పనికి వేసిన ఆవిడని వెనక్కి తేవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఈ లోపు ఆయన మాట మీద నిలబడి సభలో లిఖితపూర్వకంగా ప్రశ్న వేశాడు. జవాబు వచ్చింది. మా వార్డులో నాలుగింట మూడు వంతులకి పైగానే పోస్టులు నిండి ఉన్నాయట. అబద్ధమేం కాదు, పద్నాలుగులో పదకొండు. ప్రశ్నలో ‘నిండిన పోస్టులెన్ని’ అని ఉంది, దానికే జవాబిచ్చారు. ‘షిఫ్టులో నిజంగా వార్డులో ఉండేది ఎందరు’ అని అడిగించాల్సింది మేం. ఈసారి కాగితంలో ఆ గడి పెట్టాం, వచ్చే నెల మళ్లీ టైము ఇచ్చారు.

వచ్చే బ్యాచ్‌కి వెళ్లేవాళ్లకి: మొదటి రోజు మధ్యాహ్నానికి చేరుకుంటే చాలు, హాజరు పట్టిక సాయంత్రమే తిప్పుతారు. మీ వార్డు మూడు నెలల రోస్టర్ కాపీ పట్టుకెళ్లండి, వాళ్లు అడగరు, మీరే ట్రైనర్ ముందు పెట్టండి. సర్వీస్ రూల్స్ గురించి మైకులో అడగండి, బ్రేకులో కాదు, అందరూ వినాలి. హాలు మొత్తానికి రెండే ప్లగ్ పాయింట్లు, రెండూ వేదిక పక్కనే, ఫోన్ ఇంటి దగ్గరే ఛార్జ్ పెట్టుకోండి. నేను మాటిచ్చిన రెండు నైట్లలో ఒకటి చేసేశా, ఇంకోటి ఈ ఆదివారం.